అన్నం తగ్గించి కూర పెంచడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం వంటింటికి లో-కార్బ్ భోజనం

షుగరు వచ్చిందనో, పొట్ట తగ్గాలనో, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు పెరిగిందనో అన్నం తగ్గించాలని మీరు నిర్ణయించుకున్నారనుకుందాం. మర్నాటి నుంచే చిక్కు మొదలవుతుంది. పొద్దున్న ఇడ్లీ, కాకపోతే చోడి (రాగి) అంబలి. మధ్యాహ్నం అన్నం. సాయంత్రం టీతో పకోడీ, రాత్రి మళ్ళీ అన్నం. ఇందులో పిండిపదార్థం తీసేస్తే పళ్ళెంలో మిగిలేది రెండు గరిటెల కూర, కాస్త పెరుగు. వాటితో కడుపు నిండదు. నిండకపోతే నాలుగో రోజుకే మానేస్తారు. అందుకే ఏం మానాలన్న దానికంటే, ఖాళీ అయిన చోట ఏం పెట్టాలన్న దాని గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను. అవకాడోలు, బాదం పిండి, చీజ్ కోసం విశాఖపట్నం దాకా వెళ్ళనక్కర్లేదు. ఉద్దానం కొబ్బరి, మన నువ్వులు, కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి తీరాల్లో పడే చేపలు, రైతుబజారులో ఆకుకూరలు, అంగట్లో కోడిగుడ్లు ఉంటే ఈ భోజనానికి ముప్పాతిక సరుకు దొరికినట్టే.

ముందు రక్తపరీక్ష

ఈ మెట్టు దాటవేయకండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వారికి మరీ మరీ చెబుతున్నాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు షుగరు, బీపీ లేనివారికి కూడా వస్తోంది, చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండా లోపలే ముదురుతోంది. కిడ్నీలు బలహీనంగా ఉన్న మనిషి మాంసం, గుడ్లు, పప్పుగింజలు ఒక్కసారిగా పెంచితే వాటి మీద భారం పెరుగుతుంది. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకున్నాకే మొదలుపెట్టండి. క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే ఈ వ్యాసంలోని కొలతలు మీకు వర్తించవు, కిడ్నీ డాక్టరు చెప్పిన తిండే మీకు సరైనది. వాటితోపాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వులు), లివర్ పరీక్ష చేయించి ఆ కాగితాలు దాచుకోండి. మూడు నెలల తర్వాత పోల్చుకోవడానికి అవి కావాలి.

మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం మానకూడదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వేసుకుంటూ పిండిపదార్థం సగానికి తగ్గిస్తే, పాత మోతాదు మందు షుగరును ప్రమాదకరంగా కిందికి లాగేస్తుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు మాత్రలతో ఇంకో ప్రమాదం ఉంది: షుగరు మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోయి ఆసుపత్రిపాలు కావచ్చు. బీపీ మాత్రలు కూడా తగ్గించాల్సి రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్-1 షుగరు ఉన్నవారు, పాంక్రియాస్ వాపు వచ్చినవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు సొంతంగా ఈ పని పెట్టుకోవద్దు.

మీ అంకె ఏదో తేల్చుకోండి

రోజుకు 130 గ్రాముల లోపు పిండిపదార్థం తింటే దాన్ని లో-కార్బ్ అంటారు. 50 గ్రాముల లోపుకు దిగితే కీటో, అంటే ఒళ్ళు ప్రధానంగా కొవ్వు మీద నడిచే తిండి. ఇంకా కిందికి, 20 గ్రాములకు దించేది వైద్యుల పర్యవేక్షణలో జరగాల్సిన పని. 1921లో మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ కీటోజెనిక్ ఆహారాన్ని ప్రతిపాదించింది కూడా మూర్ఛ రోగుల చికిత్స కోసమే. ఇంట్లో నలుగురికి వండుకుంటూ, పొలమో ఆఫీసో చూసుకునే మనిషికి నా సలహా 100 గ్రాములతో మొదలుపెట్టమని. ఒంటికి పడితే తర్వాత 60, 70కి దిగవచ్చు.

ఇప్పుడు మన తిండి లెక్క చూడండి. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం పెట్టుకుంటే ఆ ఒక్క పూటకే 84. నాలుగు ఇడ్లీలకు దాదాపు 40. చోళ్ళు మంచివే కదా అని అందరూ అడుగుతారు. పీచు, కాల్షియం విషయంలో బియ్యం కంటే చాలా మేలే. కానీ 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, చోడిపిండిలో కూడా 70కి అటూ ఇటూగా ఉంటుంది. అన్నం మానేసి రెండు పూటలా చోడి ముద్ద తింటే లో-కార్బ్ అవదు. 100 గ్రాముల పథకంలో పొద్దున్న ఓ గ్లాసు పల్చని అంబలి, నూకలు లేకుండా, మజ్జిగ కలిపి తాగవచ్చు. గంటెలు (సజ్జలు), కొర్రలు, సామలు కూడా ఇంతే: కొద్దిగా అయితే పర్వాలేదు, పళ్ళెం నిండా పనికిరావు.

కొవ్వు ఎంత అన్నది మిగులు లెక్క. రోజుకు 1500 కేలరీలు తింటున్నారనుకోండి. 100 గ్రాముల పిండిపదార్థం నుంచి 400, 65 గ్రాముల మాంసకృత్తుల నుంచి 260 వస్తాయి. మిగిలిన 840ని 9తో భాగిస్తే 93 గ్రాముల కొవ్వు. ఇదంతా నూనె రూపంలో పోసుకోనక్కర్లేదు. గుడ్డులో 5 గ్రాములుంటుంది, 50 గ్రాముల పచ్చికొబ్బరిలో 16, గుప్పెడు వేరుశెనగ గుళ్ళలో 15, పెద్ద చెంచా నూనెలో 14. బరువు తగ్గాలనుకునేవారు ఈ లెక్క నిండా చేరాల్సిన పని కూడా లేదు, లోటును ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వే తీరుస్తుంది. కొబ్బరినూనె గ్లాసుల్లో తాగే పద్ధతి కొన్నేళ్ళ క్రితం మన ఊళ్ళలో బాగా పాకింది. నేను దాన్ని సమర్థించను. కొవ్వు తిండితో పాటు వస్తేనే నాలుకకూ కడుపుకూ తృప్తి, అలా అయితేనే నెలల తరబడి సాగుతుంది.

అన్నం చోట ఏం పెట్టాలి

అసలు కష్టం ఇక్కడే. మన భోజనంలో అన్నం చేసే పని పులుసునీ, పచ్చడినీ, వేపుడునీ మోయడం. మన కూరలన్నీ అన్నంలో కలుపుకుంటే సరిపోయేలా ఉప్పూ కారం వేసి చేసినవి. అందుకే అన్నం లేకుండా అదే కూరను గిన్నెడు తింటే నోరు మండుతుంది, గొంతు ఎండుతుంది, ఇది నావల్ల కాదనిపిస్తుంది. మొదటి మార్పు కూరలో చేయండి: ఉప్పు, కారం, పులుపు మూడూ మూడో వంతు తగ్గించండి, కూర పరిమాణం మూడింతలు చేయండి. మనిషికి పూటకు పావుకిలో కూరగాయ లెక్కేసుకోండి. ఈ ఒక్క మార్పు చేసినవారికి సగం పని అయిపోయినట్టే.

ఇక అన్నంలా పళ్ళెంలో పరుచుకోవడానికి కాలీఫ్లవర్ ఉంది. పువ్వును ముందే ఉప్పునీళ్ళలో వేసి తీసి, గుడ్డ మీద బాగా ఆరనివ్వాలి. తడి ఉంటే ముద్దయిపోతుంది. తురిమేదానితో తురమండి, మిక్సీ అయితే రెండు తిప్పులకే ఆపండి. బాణలిలో చెంచాడు పప్పునూనె (నువ్వుల నూనె) వేడిచేసి, తురుము వేసి, నీళ్ళు పోయకుండా, మూత పెట్టకుండా పెద్ద మంట మీద అయిదారు నిమిషాలు కలియబెట్టండి. ఉప్పు చివర్లోనే. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, వేరుశెనగ గుళ్ళ పోపు పెట్టి నిమ్మకాయ పిండితే పులిహోర. ఈ తురుము పులుసులు, ఇగుర్లు, చికెన్ కూర మోస్తుంది. పల్చని చారు మోయదు, చారును గ్లాసులో పోసుకు తాగడమే మేలు.

కాలీఫ్లవర్ మనకు చలికాలపు పంట. వేసవిలో ధర ఎక్కువ, పురుగూ ఎక్కువ. అప్పుడు క్యాబేజీని సన్నగా తరిగి నాలుగు నిమిషాలు ఆవిరి మీద ఉంచితే చాలు. ఆవ పెట్టిన క్యాబేజీ అయితే అన్నం గుర్తే రాదు: నానబెట్టిన ఆవాలు, పచ్చిమిర్చి, కాస్త పచ్చికొబ్బరి కలిపి మెత్తగా నూరి, పొయ్యి దించాక కూర కొద్దిగా చల్లారనిచ్చి కలపాలి. వేడి మీద కలిపితే చేదొస్తుంది. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, వంకాయ, బెండకాయ, దొండకాయ, కాకరకాయ, ఏ ఆకుకూరైనా ధీమాగా తినండి. కంద, చేమ, చిలగడదుంప, బంగాళాదుంప, అరటికాయ మాత్రం అన్నం లెక్కలోకే వస్తాయి. కంద-బచ్చలి కూర మనకెంత ఇష్టమైనా బచ్చలి పెంచి కంద రెండు ముక్కలకు దించాల్సిందే. పనసపొట్టు కూర చిన్న గిన్నెడు తినవచ్చు. పండిన పనస తొనలు వద్దు.

చాలామందికి చివరి ముద్ద పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టుండదు. కాలీఫ్లవర్‌లో పెరుగు కలిపితే బాగుండదు, ఆ ప్రయత్నం చేయకండి. కీరదోస గానీ, తురిమి ఉడికించి చల్లార్చిన ఆనపకాయ గానీ గట్టి పెరుగులో కలిపి, ఇంగువ పోపు పెట్టి, పెరుగుపచ్చడిలా చెంచాతో తినండి. గేదె పెరుగైతే ఇంకా నిలుస్తుంది. 100 గ్రాముల పెరుగులో నాలుగైదు గ్రాములే పిండిపదార్థం.

కనపడకుండా వచ్చేవి

మన ఉత్తరాంధ్ర వంటలో పప్పులో, పులుసులో, ఆవకూరలో బెల్లం ముక్క వేస్తాం. ఆ ముక్క దాదాపు మొత్తం చక్కెరే. చింతపండులోనూ పిండిపదార్థం తక్కువేం కాదు, పులుసు చిక్కదనానికి కలిపే బియ్యప్పిండి, శెనగపిండి సరేసరి. పులుపుకు చింతచిగురు, గోంగూర, చుక్కకూర, పచ్చి మామిడికాయ, నిమ్మ, రాచ ఉసిరి వాడండి. చిక్కదనానికి నువ్వుపప్పు ముద్ద, కొబ్బరి ముద్ద. ఇంట్లో మిగతావాళ్ళు బెల్లం లేని పులుసు మేం తినం అంటే మీ వంతు ముందే వేరే గిన్నెలోకి తీసి, తర్వాత వాళ్ళకు బెల్లం వేయండి. రెండు వంటలు అక్కర్లేదు, ఒకే పొయ్యి మీద ఇద్దరికీ అవుతుంది.

పప్పు మాంసకృత్తులకు మంచిదే, అయినా 30 గ్రాముల కందిపప్పుతో 15 గ్రాములకు పైన పిండిపదార్థం వస్తుంది. పాలకూర పప్పులో పాలకూర మూడు వంతులు, పప్పు ఒక వంతు చేసుకోండి. 

టీ సంగతి మరవకండి. పాలు 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు. పంచదార లేకుండా రెండు టీలు సరే, రోజంతా ఆరు టీలు తాగేవారు మాత్రం లెక్కలో వేసుకోవాలి. విజయనగరం జిల్లాలో మామిడి కాలం వచ్చినప్పుడు అసలు పరీక్ష. పండు గుజ్జు 100 గ్రాముల్లో 15 గ్రాములుంటుంది, అంటే భోజనమయ్యాక రెండు చెక్కలు తిని ఆ పూట పప్పు మానితే సరిపోతుంది. రసం తీసి గ్లాసెడు తాగితే ఆ రోజు లెక్క అక్కడితో సరి. జామకాయలో పీచు ఎక్కువ, రోజుకు సగం తినవచ్చు.

టిఫిన్‌కి

తేలికైనది గుడ్డు. రెండు గుడ్లలో మూడు చెంచాల పచ్చికొబ్బరి తురుము, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి అట్టు పోయండి. కొబ్బరి వల్ల మెత్తగా, నిండుగా ఉంటుంది, పన్నెండు దాటేదాకా ఆకలి వేయదు. గుడ్డు తిననివారికి రొట్టె ఉంది: వేయించిన అవిసె గింజల పొడి నాలుగు చెంచాలు, నువ్వుల పొడి రెండు చెంచాలు, ఉప్పు, జీలకర్ర కలిపి, మరిగే నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయండి. అవిసె పొడికి జిగురు ఉంటుంది కాబట్టి మైదా, గోధుమపిండి అవసరం పడదు. పది నిమిషాలు ఉంచి, నూనె రాసిన కవరు మీద చేత్తో తట్టి, పెనం మీద సన్నని సెగన కాల్చండి. పొడి ఎప్పటికప్పుడు కొట్టుకోవాలి, నిల్వ ఉంటే కమురు వాసన వస్తుంది. పెసరట్టు మరీ ఇష్టమైతే వారానికి ఒకటి రెండు సార్లు, ఉప్మా పెట్టకుండా ఒక్కటే. అందులోనూ 20 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది.

చేప, కొబ్బరి, నూనె, జీడిపప్పు

కవళ్ళు, కానాగంతలు మన తీరంలో దొరికే చవక చేపలు, వంజరం, చందువా ధరలో చిన్న వంతుకే వస్తాయి. ఒంటికి మేలు చేసే ఒమేగా-3 కొవ్వు వీటిలో పుష్కలం. ఈ తిండికి ఇంతకంటే తగిన సరుకు నాకు తెలియదు. వేపుడుకు మొక్కజొన్న పిండి, బియ్యప్పిండి పూయకుండా పసుపు, కారం, నిమ్మరసం పట్టించి తక్కువ నూనెలో పెనం మీద కాల్చండి. పులుసుకు చింతపండు తగ్గించి పచ్చి మామిడికాయ వేయండి, చివర్లో చిక్కటి కొబ్బరిపాలు అరగ్లాసు పోయండి. మెత్తళ్ళు వంకాయతో ఇగురు పెడితే అన్నం లేకుండానే గిన్నెడు తినవచ్చు. ఎండుచేపలు మాత్రం వేడినీళ్ళలో నానబెట్టి రెండుసార్లు కడగాలి. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవారు ఆ ఉప్పు జోలికి పోవద్దు.

నూనెకు గానుగ పప్పునూనె, వేరుశెనగ నూనె, కొద్దిగా నెయ్యి చాలు. మరిగించిన నూనెను మళ్ళీ మళ్ళీ వాడవద్దు. కొబ్బరి, నెయ్యి, మాంసంలో సంతృప్త కొవ్వు ఎక్కువ, కొందరిలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరుగుతుంది. అందుకే రోజూ ఒకే కొవ్వు పట్టుకోకుండా నువ్వులు, వేరుశెనగ, చేప కలిపి తినమంటున్నాను.

పలాస జీడిపప్పు విషయంలో జాగ్రత్త. అది కూడా పప్పుగింజే కదా అని డబ్బా దగ్గర పెట్టుకుంటే, 100 గ్రాములకు 30 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతుంది. పది పలుకులు లెక్కపెట్టి తీసుకుని డబ్బా మూసేయండి. సాయంత్రం ఆకలికి ఉడికించిన వేరుశెనగకాయలు, పచ్చికొబ్బరి ముక్క, కీరదోస మేలు.

ఖర్చు గురించి ఓ మాట. రేషన్ బియ్యంతో పోలిస్తే ఈ తిండికి డబ్బు ఎక్కువవుతుంది. ఆ తేడా తగ్గాలంటే పనీర్, బాదం, ప్యాకెట్ కీటో పిండ్లు వదిలేసి గుడ్లు, కవళ్ళు, వేరుశెనగలు, మీల్‌మేకర్, క్యాబేజీ, తోటకూర, మునగాకు మీద నిలబడండి. ఎక్కువ ఆకుకూర సంతరోజు సాయంత్రం కొంటే ఇంకా చవక.

ఎప్పుడు మొదలుపెట్టాలి, మొదటి వారం ఏమవుతుంది

రోహిణి కార్తె ఎండల్లో, పొలం పని ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో కిడ్నీలు ఉప్పునూ నీటినీ ఎక్కువగా బయటికి పంపుతాయి. దానికి చెమట తోడైతే కళ్ళు తిరిగి పడిపోతారు. కార్తీకం వెళ్ళాక మంచి సమయం: చల్లగా ఉంటుంది, కాలీఫ్లవర్ చవక, ఆకుకూర పుష్కలం, నీచు మానాల్సిన పనీ ఉండదు.

మొదటి వారంలో తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం ఉంటాయి. చాలావరకు ఉప్పు, నీళ్ళు తగ్గడం వల్లే. రెండు గ్లాసుల ఉప్పు మజ్జిగ, మాంసం తినేవారైతే ఎముకల చారు తాగండి. బీపీ ఉన్నవారు ఉప్పు పెంచేముందు డాక్టరును అడగండి. మలబద్ధకం వస్తే ఆకుకూర పెంచండి, రాత్రి చెంచాడు ఇసబ్‌గోల్ గ్లాసు నీళ్ళలో వేసుకోండి. మొదటి వారం రెండు కిలోలు తగ్గితే సంబరపడిపోకండి, అందులో ఎక్కువ భాగం నీరే: ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం (గ్లైకోజెన్) ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చయితే నీరూ పోతుంది. వాంతులు, ఆయాసం, విపరీతమైన నీరసం వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

పండగలు, పెళ్ళిళ్ళు

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలింటికి వెళ్తే మాంసం కూర ఉంటుంది, అది మీకు అనుకూలమే. ఇబ్బంది పెట్టేది మర్యాద. "ఏటమ్మా, అన్నం ఎట్టుకోవేటి?" అని పిన్ని అడిగితే ఉపన్యాసం ఇవ్వకండి. "డాక్టరుగారు అన్నం తగ్గించమన్నారు పిన్నీ, ఆ కూర ఇంకో గరిటె ఎయ్యండి" అంటే ఆవిడకూ సంతోషం. ఆకలితో వెళ్ళకుండా బయల్దేరే ముందు రెండు ఉడికించిన గుడ్లు తినండి. సంక్రాంతికి అరిసె వదులుకోలేకపోతే ఒకటి తిని, ఆ రోజు మిగతా పిండిపదార్థం పూర్తిగా ఆపండి. మర్నాడు మాత్రం డబ్బా మూత తీయకండి.

మూడు నెలలయ్యాక అవే పరీక్షలు మళ్ళీ చేయించండి. హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు తగ్గి, క్రియాటినిన్ కదలకుండా ఉంటే ఇదే దారిలో సాగవచ్చు. ఎల్‌డీఎల్ బాగా పెరిగితే నెయ్యి, కొబ్బరి, మాంసం తగ్గించి పప్పునూనె, వేరుశెనగ, చేప పెంచి, మరో రెండు నెలలకు చూడండి. అప్పటికీ దిగకపోతే పిండిపదార్థం 130కి పెంచి కొవ్వు తగ్గించండి, డాక్టరుతో మాట్లాడండి. బరువు దిగడం ఆగిపోయినవారు ముందుగా రోజుకు ఎన్ని గుప్పెళ్ళ పప్పుగింజలు తింటున్నారో, ఎన్ని టీలు తాగుతున్నారో ఒక వారం కాగితం మీద రాసి చూసుకోండి. అన్నం తిరిగి కలుపుకోవాలనిపిస్తే మధ్యాహ్నం ఒక్కపూటే, 100 గ్రాములు తూచి, కూర సగం తిన్న తర్వాత పెట్టుకోండి. రెండు గంటలకు షుగరు చూసుకుంటే మీ ఒళ్ళు ఎంత అన్నం భరిస్తుందో మీకే తెలుస్తుంది.